బాలశౌరి భూమి, అత్తమ్మ మాట

మా బావమరిది బాలశౌరి మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక మీదట వాడిని తిట్టబోతున్నాను.

వాడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టర్. ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్‌లో తప్పులు పట్టడం వాడి పని. ఆ బుద్ధిని ఇంటికి కూడా మోసుకొస్తాడు. గ్యాస్ కట్టేశానని వాళ్ళక్క, అంటే మా ఆవిడ లూర్దు చెప్పినా, లేచి వెళ్ళి తిప్పి చూస్తాడు. పాలు బాగానే ఉన్నాయంటే గిన్నెలో ముక్కు పెడతాడు. అబద్ధమాడటం మాత్రం వాడికి బొత్తిగా చేతకాదు.

మేము కతోలికులం, రోములో పోపుగారు పెద్దగా ఉండే శ్రీసభ వాళ్ళం. వాళ్ళది గుంటూరు వైపు, మాది జనగామ వైపు. నాకు కొత్తగూడలో టైల్స్ షాపు ఉంది. మా అత్తమ్మ అన్నమ్మ మణికొండలో కొడుకు దగ్గరే ఉండేది. రెండేళ్ళ కింద గుండెపోటుతో పోయింది. అప్పట్నించి ఆ ఫ్లాట్‌లో శౌరి ఒక్కడే, తోడుగా ఫోన్ ఒకటి. వీడియోలు మొదలయ్యాయి. ముందు ఆరోగ్యం గురించి, తర్వాత చంద్రుడి గురించి, చివరికి భూమి గురించి. ఒకరోజు మా ఇంట్లో పప్పుచారు కలుపుకుంటూ, "బావా, భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉంది" అన్నాడు.

"చదును నేల కావాల్నంటే నా షాపుకు రా, తక్కువల వేసిస్త" అన్నాను.

వాడు నవ్వలేదు. చెయ్యి కడుక్కుని బైబిలు తెచ్చాడు. భూమికి స్తంభాలున్నాయని ఒకచోట, నాలుగు మూలలున్నాయని ఇంకోచోట వేలు పెట్టి చూపించాడు. "ఇంత స్పష్టంగా రాసి ఉంటే శ్రీసభ మాత్రం గుండ్రమే అంటోంది. నక్షత్రాలు చూడ్డానికి రోములో దుర్భిణీలు కూడా పెట్టుకున్నారు. ఇందులోనే అబద్ధం చెప్తుంటే మిగతావి ఎలా నమ్మమంటారు?" అన్నాడు. ఆ వారం నుంచి చర్చిలో ఆదివారం పూజకు రావడం మానేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ ఉంటే వీపు చిట్లగొట్టేది.

ఇంతలో మాకు ఆడపిల్ల పుట్టింది. అన్న అని పేరు పెట్టాలనుకున్నాం, అత్తమ్మ అన్నమ్మ పేరే కుదించి. జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రి మా తమ్ముడే అని లూర్దు పట్టుబట్టింది. పుట్టింటి వైపు తనకు మిగిలింది వాడొక్కడే. జ్ఞానతండ్రి అంటే ఫొటోకు నిలబడి పోయేవాడు కాదు, బిడ్డ విశ్వాసానికి పూచీ పడేవాడు. బిడ్డ తల మీద నీళ్ళు పోసేముందు గురువు, అంటే ఫాదర్, కొన్ని ప్రశ్నలు అడుగుతారు. శ్రీసభను విశ్వసిస్తున్నారా అనేది వాటిలో ఒకటి. శౌరి అక్కడ ఆగిపోయాడు.

"అక్కా, అవునని అబద్ధం చెప్పలేను. ఇంకెవరినైనా పెట్టుకోండి."

"ఇంకెవరున్నారురా నాకు?" అని లూర్దు బిడ్డను గుండెకు ఆనించుకుని ఏడ్చింది. వాడికీ కళ్ళు నిండాయి, కానీ మాట మార్చుకోలేదు.

జ్ఞానస్నానం ఆదివారమనగా, శనివారం సాయంత్రం వాడిని బండెక్కించుకుని మా చర్చి విచారణ గురువు ఫాదర్ చిన్నప్ప దగ్గరికి తీసుకెళ్ళాను. లూర్దు కూడా బిడ్డతో ఆటోలో వచ్చింది. నేను కూర్చోకముందే మొదలుపెట్టాను. "ఫాదర్, జర గట్టిగ చెప్పుండ్రి వీనికి. రేపు పూజల ప్రకటనలు చదువుతరు గద, భూమి గుండ్రంగున్నదని అండ్ల చదువుండ్రి. శ్రీసభ ఆజ్ఞ అంటే ఎట్ల నమ్మడో చూస్త."

ఫాదర్ పడీపడీ నవ్వారు. "నాకంత అధికారం లేదయ్యా ఇన్నారెడ్డీ. భూమి గుండ్రమే, కొలిచినవాళ్ళు చెప్పారు. దేవుడి గురించి, మంచిచెడ్డల గురించి అడిగితే శ్రీసభ చెప్తుంది. బైబిలు రాసినవాళ్ళు వాళ్ళ కాలపు మాటల్లో దేవుణ్ణి పొగిడారు, భూమికి కొలతలు ఇవ్వలేదు."

"మీరు చూశారా ఫాదర్, గుండ్రమని?" అన్నాడు శౌరి.

"లేదు బాబూ. నువ్వు పరీక్ష చేసి చూడు, నేనేం వద్దనను. ఆ వీడియోలను కూడా అంతే గట్టిగా పరీక్ష చెయ్యి." అంతటితో ఆ సంగతి వదిలేసి, జ్ఞానతండ్రులందరినీ అడిగే మామూలు ప్రశ్న అడిగారు. "ఇంతకీ నీకు జ్ఞానస్నానం ఎక్కడయింది?"

శౌరి మొహం విప్పారింది, కథ మొదలుపెట్టాడు. ఆ కథ మా అందరికీ కంఠతా వచ్చు, అత్తమ్మ వాడి ప్రతి పుట్టినరోజుకీ చెప్పేది. వాడు ఏడో నెలలోనే పుట్టాడు. బతకడన్నారు. బయట తుఫాను, గురువుకు కబురు పంపే దారి లేదు. అత్తమ్మ మంచం మీంచి లేవలేని స్థితిలో ఉంది. ఆసుపత్రిలో కనకలక్ష్మి అనే ఆయా ఉంటే, ఆవిడ హిందువు, ఆవిడ చేతికి గ్లాసుడు నీళ్ళిచ్చి జ్ఞానస్నానం మాటలు చెప్పించి బిడ్డ తల మీద పోయించింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరు పోసినా చెల్లుతుందని శ్రీసభ నియమం. తర్వాత ఊరి గురువు తైలం రాశారు గానీ, జ్ఞానస్నానం అయిపోయినట్టే లెక్క అని మళ్ళీ నీళ్ళు పోయలేదు.

"ఆ కనకలక్ష్మిగారు ఉన్నారా?" అని అడిగారు ఫాదర్.

"తెలీదండి. పేరే తెలుసు."

"ఇంకెవరైనా చూశారా?"

"అమ్మ" అని ఆగిపోయాడు శౌరి.

"సరే. నీకు అనుమానంగా ఉంటే ఒక పద్ధతుంది. ఇదివరకు కాకపోయుంటే అనే షరతు మీద మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. కావాలా?"

శౌరి కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మా అమ్మ అబద్ధం చెప్పదు ఫాదర్!"

బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. ఫాదర్ కదల్లేదు. "నేనూ అదే అంటున్నాను. మీ ఊరి గురువు ఏమీ చూడలేదు. మీ అమ్మ చెప్పింది, నమ్మాడు. ఆమె ఒక్క మాట మీద శ్రీసభ నిన్ను ఇన్నేళ్ళూ మావాడివే అంటోంది" అన్నారు.

శౌరి మళ్ళీ కూర్చున్నాడు. వాడిని ఏడిపించడానికి నా నోట్లో ఒక మాట తయారుగా ఉంది, కానీ మింగేశాను. "రేపు ఎన్నింటికి రావాలి ఫాదర్?" అని అడిగాడు చివరికి.

దారిలో మాత్రం ఉండబట్టలేక, "మరి భూమి సంగతేంది?" అన్నాను.

"చూస్తున్నా బావా. ఆ వీడియోల్లో వాళ్ళెవరో కూడా నాకు తెలీదు" అన్నాడు వెనక నుంచి.

మర్నాడు అమ్మ కొనిచ్చిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. శ్రీసభను విశ్వసిస్తున్నారా అని ఫాదర్ అడిగినప్పుడు లూర్దు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు "విశ్వసిస్తున్నాను" అన్నాడు. అందరికీ వినబడింది.

నీళ్ళు పోసేటప్పుడు తల అడ్డం పెట్టి మరీ వంగి చూశాడు. మూడుసార్లు పోస్తే మూడుసార్లూ రెప్ప వెయ్యలేదు. టెస్టింగ్ బుద్ధి ఎక్కడికి పోతుందని నేను పళ్ళు నూరుకుంటుంటే, వాడు ఏడుస్తున్న బిడ్డ తల తుడుస్తూ చెవి దగ్గర చెప్పాడు. "నేను చూశానమ్మా. పెద్దయ్యాక నువ్వు అడిగితే చెప్తాను. నా మాట నమ్ముతావు కదూ?"