గాలాలకు కుట్టిన గోతం

చేపలు పట్టడం నాకు రాదు. గాలాలు కొనడం మాత్రం బాగా వచ్చు. చీరాల బడిలో సోషల్ చెప్పే నన్ను సెలవురోజు కాలవ గట్టు మీద చూసినవాళ్ళంతా "ఏం మాస్టారూ, ఇవాళైనా పడ్డాయా?" అని పలకరిస్తారు. ఆ 'ఇవాళైనా'కి నేను అలవాటు పడిపోయాను.

మా ఆవిడ అన్నయ్య అండమాన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం ఉదయం గృహప్రతిష్ఠ ప్రార్థన. రిబ్బను చెల్లెలే కత్తిరించాలని, ఆమె రానిదే తలుపు తీయనని ఫోన్లో పట్టుబట్టాడు. అన్నయ్యని చూసి ఏళ్ళయిందేమో, ఆ ఫోను వచ్చినప్పటినుంచీ మా ఆవిడ కాళ్ళు నేల మీద ఆనలేదు. నాకేమో సముద్రం కనిపించింది. "బావా, నా గాలాలు తెస్తున్నా. మీ సముద్రం సంగతేంటో చూద్దాం" అని కోతలు కోశాను.

మా వైపు ఏ వస్తువు ఊరు దాటాలన్నా గోతంలో పెట్టి కుట్టాల్సిందే. విమానంలో సామాను విసిరేస్తారని ఎవరో చెప్పడంతో నాకు గోతమే గుర్తొచ్చింది. తోటి మాస్టారింటినుంచి ఖాళీ గోతం తెచ్చి, గోడకేసి నాలుగు బాదులు బాది, గాలం కర్రలు రెండూ అందులో చుట్టి, దబ్బనంతో పురికొస వేసి కుట్టాను.

"ఏవండీ, అది మిరపకాయల గోతం" అంది మా ఆవిడ.

"దులిపాలే."

"దులిపితే పోయే ఘాటా అది?"

నేను వింటేగా!

శనివారం చెన్నైలో విమానం. అది తప్పిపోతే ప్రార్థనకి అందుకోలేం. సామాను ఇచ్చేచోట నా మూటని చూడగానే పక్కకి లాగారు. ఒక ఆఫీసరు పురికొస కోసి గోతం విదిలించాడు. అంతే! ముందు ఆయన దగ్గాడు. తర్వాత పక్కాయన తుమ్మాడు. ఆ తర్వాత వరసంతా ముక్కులు మూసుకుంది. కుక్కని తెచ్చారు. అది ఒక్కసారి మూతి పెట్టి, తుమ్మి, నా వైపు అసహ్యంగా చూసి వెళ్ళిపోయింది.

"వాట్ పౌడర్?" అన్నాడు ఆఫీసరు.

"చిల్లీ, సార్."

"వై?"

పిల్లలకి ప్రపంచ పటమంతా చెప్తానా, చేపల గాలానికి మిరపకాయల గోతమెందుకో మాత్రం ఏ భాషలోనూ చెప్పలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. కౌంటరు మూసేస్తున్నామని కేక వినిపించింది. మా ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. ఘాటువల్లో, నావల్లో అడిగే ధైర్యం లేదు.

"గాలాలు మీరే ఉంచేసుకోండి సార్, మమ్మల్ని పంపించండి" అని దణ్ణం పెట్టాను. వాళ్ళు గాలాలు తీసుకున్నారు. గోతం మాత్రం అక్కడ ఉండటానికి వీల్లేదని, మడిచి నా పెట్టెలోనే కుక్కించారు. పరుగెత్తి విమానం అందుకున్నాం. దారంతా మా ఆవిడ మొహం కిటికీ వైపే తిప్పుకుని కూర్చుంది.

మా బావ ఎదురొచ్చి, "బావా, గాలాలేవీ?" అన్నాడు.

"మీ బావగారు గోతం తెచ్చారు, చూసుకో" అంది మా ఆవిడ.

వాళ్ళ అద్దింటికెళ్ళి పెట్టె తీశాక మా బావ ఆ గోతాన్ని మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. పెద్దగా తుమ్మాడు. "అబ్బ! మనూరి మిరప కల్లంలో నిలబడ్డట్టుందే చెల్లీ" అన్నాడు. దులపనివ్వకుండా దాన్ని తీసుకెళ్ళి కొత్తింటి గుమ్మంలో పరిచాడు.

మర్నాడు పాస్టరుగారు దాని మీద నిలబడి ప్రార్థన మొదలుపెట్టి, మూడుసార్లు తుమ్మి ఆమెన్ అన్నారు. మా ఆవిడ కత్తెర పట్టుకుని తుమ్మింది. రిబ్బను వంకరగా తెగింది. అప్పుడు నా వైపు తిరిగి పకపకా నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను. చెన్నైనుంచీ నేను గాలం వేసుకుని కూర్చుంది ఆ నవ్వు కోసమే.