ఉప్పునీళ్లకు సిద్ధమైన చేపలు, యాన్బులో మా బావ

చలికాలం చివర ఒక శుక్రవారం రియాద్ బతా బజారులో మెస్సు ముందు వరసలో నిలబడి ఉండగా జగిత్యాల నుంచి అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఈసారి గూడ వచ్చే నెల వస్త అంటున్నడు తమ్మీ. గిది మూడోసారి. నువ్వు ఒక్కపారి పోయి సూసి రారాదు?" మా బావ గంగారాం ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బు దగ్గర ఒక సాల్మన్ చేపల ఫారంలో పనిచేస్తాడు. రియాద్‌లో ఏసీలు బాగుచేసుకునే నాకు ఈ ఎడారిలో చలిదేశపు చేపలేమిటో ఎన్నడూ అర్థం కాలేదు. కానీ అక్క గొంతు విన్నాక ఆగబుద్ధి కాలేదు. బావ అసలు ఊరికి వెళ్తాడా, వెళ్లడా? అది తేల్చుకు రావడానికే మరుసటి వారం బయలుదేరాను.

యాన్బుకు మదీనా మీదుగా బస్సు ఉంది కానీ, ఒక్క రోజు సెలవు ప్రయాణానికే సరిపోతుంది. ముందుగా కొంటే విమానం టికెట్ మరీ ప్రియమేమీ కాదు, గంటన్నరలో దించుతుంది. అక్కడ ఒక పెషావర్ టాక్సీ డ్రైవర్ అరవై రియాళ్లకు ఒప్పుకున్నాడు. "మఛ్లీ ఖానే జా రహే హో?" అని అడిగాడు. చేపలు తినడానికి కాదు, చూడటానికన్నాను. అద్దంలోంచి నన్ను జాలిగా చూసి రేడియో పెట్టుకున్నాడు.

బావ గేటు దగ్గరే ఎదురయ్యాడు. మీసం నల్లగా నిగనిగలాడుతోంది. ఇక్కడ మనవాళ్లందరికీ ఉన్న అలవాటే. ఊరికి పోయే నెల ముందు నుంచి ఎండ డ్యూటీ తప్పించుకుంటారు, ఒళ్లు చేసేలా తింటారు, జుట్టుకు రంగేస్తారు. ఇక్కడి కష్టం ఇంట్లోవాళ్ల కంట పడకూడదని ఆ తాపత్రయం. బావ మంచం కింద తాళ్లతో బిగించి పేరు రాసిన అట్టపెట్టె కూడా ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది. ఎప్పుడు సెలవు దగ్గరికొచ్చినా ఒక విడత చేపలు మంచినీళ్ల నుంచి ఉప్పునీళ్లకు మారే సమయమూ వస్తుందట. అవి దాటాక పొమ్మంటాడు మేనేజర్. దాటేసరికి ఇంకో విడత తయారు. బావకేమో కాదనడం రాదు.

షెడ్డు లోపల వణుకు పుట్టేంత చల్లదనం, పెద్ద పెద్ద గుండ్రటి తొట్లు. "ముందుగాల లైట్లు తక్వ ఏసి వీటికి చలికాలం సూపెడ్తం. తర్వాత రాత్రి పగలు లైట్లే. ఇగ పెయ్యి మారుడు షురూ అయితది," అన్నాడు బావ. చిన్నప్పుడు పక్కల మీద బొటనవేలి ముద్రల్లా ఉండే మచ్చలు మాసిపోయి, ఒళ్లంతా వెండి రంగు తేలింది. నడుము సన్నబడింది, రెక్కల అంచులు నల్లబడ్డాయి. మొప్పలు కూడా మారి, ఒంట్లో చేరిన ఉప్పును బయటికి నెట్టడం నేర్చుకుంటాయట. మొన్నటిదాకా నీటి ఒరవడికి ఎదురు నిలబడ్డవి ఇప్పుడు దానితోపాటే సాగుతున్నాయి. తొట్టి గుండ్రం కదా, ఎంత సాగినా మళ్లీ అక్కడికే వస్తున్నాయి. చూస్తుంటే నాకు దిగులేసింది. గోడ అవతలే ఎర్ర సముద్రం ఉన్నా అది వీటికి మరీ వెచ్చన. పక్క షెడ్డులోని చల్లటి ఉప్పునీటి తొట్టే వీటికి సముద్రం.

బావ వీడియో కాల్ చేసి అక్కకు చూపించాడు.

"మంచిగున్నయి. ఇప్పుడు ఉప్పునీళ్లల్ల ఇడువకపోతే ఏమైతది?" అంది అక్క.

"కొన్ని దినాలు సూస్తయి. ఆ టైం దాటితే మళ్ల ఎనుకటి లెక్కనే అయితయి. ఇగ ఉప్పునీళ్లు తట్టుకోవు."

"నువ్వు గూడ గట్లనే అయితవేమోనని నాకు బుగులైతుంది," అంది అక్క.

బావ ఫోన్ నా చేతిలో పెట్టి, తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆఫీసు వైపు నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. సెలవు సంగతి అడగ్గానే ఈజిప్టు మేనేజర్ తలెత్తకుండా "బుక్రా, బుక్రా" అన్నాడు. రేపు చూద్దామనడానికి ఇక్కడ అందరూ వాడే మాట.

"మాఫీ బుక్రా," అన్నాడు బావ. రేపనేది లేదని. చేపల షెడ్డు వైపు వేలు చూపించి, అవి ఉప్పునీళ్లకు పోయిన తెల్లారే తానూ పోతానని వచ్చీరాని అరబ్బీలో చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బావ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. మేనేజర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి కంప్యూటర్‌లో ఎగ్జిట్ రీఎంట్రీకి, అంటే ఊరికి పోయి రావడానికిచ్చే అనుమతికి, తారీఖు పెట్టాడు.

ఆ నెలలోనే అక్క నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మీ బావ వచ్చిండు తమ్మీ. మల్ల రంగేసుకునే టైం దొరకలేదంట, మీసం మొదట్ల తెల్లగనే ఉంది. ఏసుకుంట అంటే నేనే వద్దన్న." బతాలో మెస్సు ముందు నిలబడి దాన్ని పదే పదే విన్నాను. ఇంటి మీద బెంగ నాకూ ఉంది. ఈమధ్య అది కాస్త తగ్గిందని సంబరపడుతున్నాను కూడా. ఆ రోజు మాత్రం, తగ్గినందుకే భయమేసింది.

యాన్బు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఫారం లోపలికి ఊరికే రానివ్వరు, అక్కడ పనిచేసేవాళ్లతో ముందే చెప్పించుకుని వెళ్లండి. ఊరికి వెళ్లేవాళ్లకూ ఒకటి చెప్పాలి. ముందు తారీఖు పెట్టించుకోండి, మీసానికి రంగు తర్వాత. నేను రేపు పొద్దున్నే నా తారీఖు అడగబోతున్నాను.