వదిన చేసిన మూడో ఆట

మా వదిన పోయిందన్న కబురు నాకు బాపట్ల స్టేషన్లో తెలిసింది. బడికి సెలవు పెట్టి, తెనాలి వెళ్ళే పాసింజరు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాను. అన్నయ్య ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావమ్మా?" అన్నాడు. స్టేషన్లో ఉన్నానని చెప్పాను. "కంగారు పడి రావొద్దులే. నెమ్మదిగా రా" అన్నాడు. ముందు రోజు వరకూ త్వరగా రమ్మన్న మనిషి నెమ్మదిగా రమ్మంటే అర్థం కాకుండా ఎలా ఉంటుంది? రైలు వచ్చింది, ఎక్కాను. వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్ళు కొందరు అందులో ఉన్నారు. నా మొహం చూసి ఒకామె జరిగి చోటిచ్చింది. ఏంటని అడగలేదు. తెనాలి వచ్చేదాకా ఆమె చెయ్యి నా భుజం మీదే ఉంది.

ఇది చదివే మీలో ఎవరికీ మా వదిన తెలిసి ఉండదు. ఆమె చేసిన పని తెలిసినవాళ్ళు మాత్రం ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళకి తెలుగు రాదు. అందుకే ఆమె గురించి తెలుగులో ఒకచోటైనా రాసి ఉంచాలనిపించింది.

వదినది రేపల్లె. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. మాదీ అదే పని. కాకపోతే మా తాత కాలంలోనే తెనాలి మార్కెట్టుకి వచ్చి స్థిరపడిపోయాం. వదినకి ఒక తమ్ముడు ఉండేవాడు. చిన్నప్పుడు వాళ్ళకి ఎవరో చుట్టాలు టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఒకటి ఇచ్చారట. దాంట్లో ఒక క్యాసెట్టు ఇద్దరికీ ప్రాణం. ఒక పిల్లవాడు చిన్న పడవేసుకుని దీవి నుంచి దీవికి తిరుగుతూ ఇంటికి దారి వెతుక్కుంటాడు, అదీ ఆట. ఏదో విదేశీ కంపెనీ చేసింది. రెండు భాగాలు వచ్చాయి. రెండో భాగం చివర పడవ తుఫానులోకి వెళ్ళిపోతుంది, తెర నల్లబడుతుంది, మిగతా కథ తరువాత అని అక్షరాలు పడతాయి. ఆ తరువాత అన్నది రానే లేదు. కంపెనీ ఆ ఆటని వదిలేసింది.

తమ్ముడు పెద్దవాడై నాన్నతో వేటకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకసారి వాళ్ళ పడవ తిరగబడింది. మిగిలినవాళ్ళు ఈదుకుని ఒడ్డు చేరారు. అతను దొరకలేదు. మనిషి కనపడకుండా దినాలు చెయ్యడానికి వాళ్ళమ్మ చాలాకాలం ఒప్పుకోలేదట. ఇదంతా వదిన నాకు చెప్పింది ఒక్కసారే, అదీ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా.

పెళ్ళై తెనాలి వచ్చాక ఒక ప్రెస్సులో పెళ్ళి కార్డులు డిజైన్ చేసే పనిలో చేరింది. కంప్యూటర్ మీద బొమ్మలు వెయ్యడం అక్కడే వచ్చింది. పాత ఆటల బొమ్మలన్నీ చిన్న చిన్న గళ్ళతో కట్టినవే. "ముగ్గులో చుక్కల్లాంటివే అమ్మాయ్, కాకపోతే కలపడానికి గీతలుండవు" అనేది నాతో. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారుజామున లేచి, మా అమ్మ పాలు కాచే వేళకి ఒక దీవి పూర్తి చేసేది. ఆ ఆటంటే ఇష్టమున్నవాళ్ళు ఇంకా ఉన్నారని నెట్‌లో తెలుసుకుంది. వాళ్ళలో ఇద్దరు తోడయ్యారు. వేరే వేరే దేశాలవాళ్ళు, ఒకతను ప్రోగ్రాం రాసేవాడు, ఒకామె సంగీతం కట్టేది. వాళ్ళని వదిన ఎప్పుడూ చూడలేదు. ముగ్గురూ కలిసి రాని మూడో భాగాన్ని తామే తయారు చెయ్యడానికి పూనుకున్నారు.

మా అమ్మకి ఇదంతా అయోమయం. "ఏంటమ్మా, పెద్దదానివి, ఆ పిల్లల ఆటేంటి?" అనేది. వదిన నవ్వి, "అయిపోవచ్చిందత్తయ్యా, ఇంకొక్కటే" అనేది. ఆ "ఇంకొక్కటే" సంవత్సరాల తరబడి సాగింది. పని చేస్తున్నంతసేపూ పక్కన టీ పెట్టుకునేది. అది చల్లారి మీగడ కట్టేది. ఆ చల్లటి టీ వేడిగా ఉన్నట్టే ఊదుకుంటూ తాగేది. అది చూసి నేను నవ్వేదాన్ని.

నాకు బాపట్లలో టీచరుగా ఉద్యోగం వచ్చినప్పుడు ఒక్కదాన్నే ఎలా ఉంటానని ఇంట్లో అందరూ వెనకాడారు. వదినే వచ్చి గది వెతికి, సామాను సర్ది, నా తరగతి గోడకి పెద్ద పెద్ద చేపల బొమ్మలు వేసి వెళ్ళింది. ఆ వారంలోనే ఒకరోజు నన్ను సూర్యలంక తీసుకెళ్ళమంది. బీచికి వచ్చినవాళ్ళంతా అలలకి ఎదురెళ్తుంటే ఆమె మాత్రం తడి ఇసకలో గొంతుక్కూర్చుని, ఫోన్‌తో నీళ్ళనే వీడియో తీసింది.

"ఏం చూస్తున్నావ్ వదినా?"

"అల వచ్చేది అందరూ గీస్తారు. పోయేటప్పుడు ఎలా పోతుందో చూస్తున్నా. ఇసక దాన్ని కాస్త పట్టుకుంటుంది, చూడు."

ఆమె చేసిన ఆటలో చివర పడవ ఒడ్డుకి వస్తుంది. సరుగుడు చెట్లు, ఎండబెట్టిన వలలు, తాటాకుల పాక. పిల్లవాడు దిగుతాడు. పాకలోంచి ఎవరో బయటికి వస్తారు. అంతే. ఆ అల నిజంగానే కాస్త ఆగి వెనక్కి పోతుంది.

ఆటని నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మొదట్లో పదిమందైనా ఆడతారా అనుకుంది. రోజులు గడిచేకొద్దీ ఫోన్ ఆగకుండా మోగింది. ఎవరో నడివయసాయన తన చిన్ననాటి ఆట పూర్తయిందని రాశాడు. ఎవరో ఏడ్చామని రాశారు. వదిన అవి చదివి, వెళ్ళి అంట్లు తోమేది. ఆ పనెప్పుడూ నాకు వదిలేసే మనిషి, నేను సెలవుకి వచ్చినప్పుడు కూడా నన్ను తోమనిచ్చేది కాదు. చేతులు ఊరికే ఉండలేకపోయేవనుకుంటాను.

ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. కంపెనీ తరఫు లాయర్ల నుంచి నోటీసు వచ్చింది. ఆ పిల్లవాడి బొమ్మ, పేరు, కథ, అన్నీ తమ సొత్తనీ, ఆటని వెంటనే తీసెయ్యాలనీ, దానికి సంబంధించినవన్నీ నాశనం చెయ్యాలనీ, ఇకముందు అలాంటిది చెయ్యనని సంతకం పెట్టాలనీ, లేకపోతే కోర్టుకి వెళ్తామనీ రాశారు. అన్నయ్య ఎలక్ట్రికల్ షాపు కట్టేసి వదినని బాపట్ల తీసుకొచ్చాడు. మా బడిలో చదివే ఒక పాప వాళ్ళ నాన్న అక్కడ లాయరు. ముగ్గురం వాళ్ళింటికి వెళ్ళాం.

ఆయన కాగితాలన్నీ ఓపిగ్గా చదివారు. "ఆట మీరు ఊరికే ఇచ్చారా అమ్మా?"

"అవునండి. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి."

"ఊరికే ఇచ్చినా బొమ్మ వాళ్ళది, పేరు వాళ్ళది. పాట సంగతేంటి?"

"పాట కొత్తగా వాయించారండి. బాణీ మాత్రం పాతదే."

"అయితే అదీ వాళ్ళదే."

అన్నయ్య ఉండబట్టలేకపోయాడు. "వాళ్ళు దాన్ని వదిలేసి ఎన్నేళ్ళైందో సార్! ఎక్కడా అమ్మడం కూడా లేదు."

"తాళమేసి వెళ్ళిపోయినా ఇల్లు ఓనరుదే కదండి" అన్నారాయన. ఆ మాట చెప్పడం ఆయనకీ కష్టంగానే ఉందని మొహం చూస్తే తెలిసింది. "పోరాడొచ్చు. ఏ దేశం కోర్టులో అన్నది తేలేలోపే మీరు అలిసిపోతారు. ఇంకో దారుంది. ఆ పిల్లవాడి బొమ్మ మార్చండి, పేరు మార్చండి, కథ మార్చండి. మీ సొంత ఆటగా వదలండి. అప్పుడు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేరు."

"ఆ పిల్లోడు కాకపోతే ఇంకెవర్ని ఇంటికి తీసుకురావాలండి?" అంది వదిన.

లాయరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వదిన సంతకం పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తెనాలిలో నా ఎదురుగానే అన్నీ తీసేసింది. కంప్యూటర్లోవి, డిస్కుల్లోవి, నెట్‌లో దాచినవి. చివరికి కాగితాల మీద పెన్సిల్‌తో వేసుకున్న దీవులు కూడా బయటికి తీసింది.

"ఇవి కూడానా వదినా? ఇవెవరికి తెలుస్తాయి?"

"సంబంధించినవన్నీ అని రాశారు కదా."

కాల్చడానికి మనసు రాలేదు. బకెట్టులో నీళ్ళు పోసి నానబెట్టింది. రంగు పెన్సిళ్ళ నీలం మెల్లగా విడిపోయి నీళ్ళ మీదికి తేలింది. వదిన బకెట్టు పక్కన పీట వేసుకుని, కాగితాలు మెత్తబడేదాకా కూర్చుంది.

ప్రోగ్రాం రాసినతను ఒక్క కాపీ ఎక్కడైనా దాచమని బతిమాలాడు, ఎవరికీ తెలియదన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "సంతకం నాది కదా" అంది నాతో. కంపెనీని ఒక్క మాట అనలేదు. మేం తిడుతుంటే, "వాళ్ళది వాళ్ళు అడిగారు. అడిగే తీరు వేరేగా ఉంటే బాగుండేది, అంతే" అనేది.

నోటీసు కాపీ ఒకటి ప్రెస్సుకి కూడా వెళ్ళింది, నెట్‌లో వదిన ఎప్పుడో ఆ అడ్రసు ఇచ్చి ఉండటం వల్ల. ప్రెస్సు ఓనరు గారు చెడ్డవాడు కాదు. ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "తప్పుగా అనుకోకమ్మా. పెళ్ళి కార్డులు వేసుకునేవాణ్ణి. ఆ ఇంగ్లీషు కాగితం మీద నా ప్రెస్సు పేరు చూసినప్పట్నుంచి అన్నం సయించట్లేదు." రేపట్నుంచి రావొద్దన్న మాట నోటితో అనలేదు. వదినే, "సరేనండి" అంది. ఆ ప్రెస్సులో కార్డుల మీద వేసే బొమ్మల్లో సొంతంగా గీసినవంటూ ఉంటే అవి వదినవే. మిగతావన్నీ ఎవరివో, ఎక్కణ్ణుంచి తీసుకున్నవో ఆయనకీ తెలియదు.

ఆ తర్వాత వదిన తెల్లవారుజామున లేవడం మానేసింది. అలసట అంది. మేమూ మనసు బాగాలేక అనుకున్నాం. కడుపులో నొప్పి మొదలయ్యాక గుంటూరులో చూపిస్తే క్యాన్సర్ అన్నారు, బాగా ముదిరిందని అక్కడే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

అప్పుడే రెండో నోటీసు వచ్చింది. తీసెయ్యకముందు ఆటని దించుకున్నవాళ్ళు వేలమంది ఉండి ఉంటారు. వాళ్ళలో ఎవడో వదిన పేరు, మిగతా ఇద్దరి పేర్లు చెరిపేసి, మధ్యమధ్యలో ప్రకటనలు పెట్టి, ఫోన్లో ఆడుకునేలా మార్చి మళ్ళీ వదిలాడు. మీరు మాట తప్పారు, జవాబు చెప్పండి అని కంపెనీ లాయర్లు వదినని అడిగారు. అన్నయ్య ఆ కాగితం దాచేద్దామనుకున్నాడు. కానీ అది వదిన ఫోన్‌కి కూడా వచ్చింది, ఆమే ముందు చూసింది.

"నా పేరు తీసేశాడు కదా, నాది కాదనుకోవచ్చుగా వాళ్ళు" అని నవ్వబోయి, దగ్గు రావడంతో ఆగిపోయింది.

"ఇప్పుడు అదంతా ఎందుకే? ముందు నువ్వు లే" అన్నాడు అన్నయ్య.

"నేను లేస్తానో లేదో ఏవండీ. వాళ్ళకి నేను అబద్ధం ఆడానని ఉండిపోకూడదు."

ఒక చేతికి సెలైన్ ఉండగా, నాతో జవాబు రాయించింది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంది. నేను చెయ్యలేదు, నా దగ్గర ఏదీ లేదు, సంతకం పెట్టినట్టే నడుచుకున్నాను. అంతే రాయమంది. జబ్బు సంగతి రాద్దామన్నాను. వద్దంది. "జాలి పడి నమ్మడం నాకొద్దమ్మాయ్." లాయరు గారు దాన్ని సరిచేసి పంపారు.

కంపెనీ నుంచి ఏ మాటా రాలేదు. ఫోన్ మోగినప్పుడల్లా వదిన కళ్ళు తెరిచి "వాళ్ళేనా?" అనేది. గ్యాస్ బండ వాళ్ళో, షాపు వాళ్ళో అయ్యేవారు. మందు మత్తులో కూడా అదే అడిగేది. పక్క మంచం మీద ఉన్నావిడ, "ఎవరమ్మా, పిల్లలా?" అని అడిగింది. వదినకి పిల్లలు లేరు.

ఇంటికి తీసుకుపొమ్మన్నాక కొన్నాళ్ళు తెనాలిలోనే ఉంది. లాయరు గారు చెప్పినట్టు తన సొంత ఆట ఒకటి మొదలుపెడతానంది. అన్నయ్య మంచం దగ్గరికే కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. రెండు పూటలు ప్రయత్నించింది. తెర మీద నాలుగు నీలం గళ్ళు వచ్చాయి. "రావట్లేదు" అంది మెల్లగా. మూడో పూట కంప్యూటర్ తీసేయమంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం నేను చూశాను. నోటీసు వచ్చిననాడు కూడా అలా లేదు.

దహనం అయ్యాక లాయరు గారు పరామర్శకి వచ్చారు. అన్నయ్య ఆయన్ని ఒక పక్కకి పిలిచి అడిగాడు, "సార్, ఈవిడ పోయిందని వాళ్ళకి రాయాలా?"

"రాస్తే మంచిదండి. ఫైలు మూసేస్తారు" అన్నారాయన. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళారు.

ప్రోగ్రాం రాసినతనికి నేనే కబురు పంపాను. అతను ఆ ఆట ఆడినవాళ్ళకి చెప్పినట్టున్నాడు. మర్నాటి నుంచి వదిన ఫోన్‌కి సందేశాలు రావడం మొదలైంది. ఎన్ని భాషల్లోనో. ఫోనే వాటిని తెలుగులోకి మార్చి చూపించేది, సగం మాటలు సరిగా కుదరవు. అన్నయ్య జీవితంలో ఏ వీడియో గేమూ ఆడలేదు. వసారాలో చాప మీద కూర్చుని ఆ సందేశాలు పైకి చదివాడు. రేపల్లె నుంచి వచ్చిన వదిన వాళ్ళమ్మ గోడకి ఆనుకుని వింటోంది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

"పడవ ఒడ్డుకి వచ్చినప్పుడు మా నాన్న, నేను ఇద్దరం లేచి నిలబడ్డాం" అని చదివాడు అన్నయ్య.

అప్పుడు ఆమె నోరు తెరిచింది. "ఇది ఏ ఊరు బాబూ?"

అన్నయ్య చూసి ఏదో దేశం పేరు చెప్పాడు.

"అక్కడ సముద్రం ఉంటదా?"

"ఉంటుందత్తయ్యా."

ఇంకొకటి చదివాడు. మళ్ళీ అదే అడిగింది. మళ్ళీ ఉంటుందన్నాడు. తర్వాత వచ్చిన దేశం పేరు అన్నయ్య ఎప్పుడూ విని ఉండడు, నాకు తెలిసి దానికి సముద్రమే లేదు. అన్నయ్య నావైపు చూశాడు. నేను మాట్లాడలేదు.

"ఉంటుందత్తయ్యా" అన్నాడు.

ఆమె తల ఊపింది. పమిట చెంగు భుజం మీదికి సర్దుకుని, చాప మీద ఇంకాస్త ముందుకు జరిగి, ఫోన్‌కి దగ్గరగా కూర్చుంది.

"చదువు బాబూ" అంది.