వదలని చెయ్యి

వీధంతా ఆమెను దర్జీ పిన్ని అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా మిషను తొక్కుతున్న మనిషి. సూది వేలిలో ఎన్నిసార్లు దిగిందో లెక్కే లేదు. అందుకే ఎవరికి నెత్తురు కారినా ఆమె వైద్యం ఒకటే: గుడ్డ పెట్టి గట్టిగా అదిమెయ్యడం. పిల్లల మోకాళ్లూ, పొరుగమ్మ బొటనవేలూ ఆ చేతి కిందే మానాయి. పనిలో పనిగా డాక్టర్లను నాలుగు తిట్టడం కూడా ఆ వైద్యంలో భాగమే లెండి.

ఆ మధ్యాహ్నం వాళ్లాయన, వడ్రంగి, పాత తలుపు ఊడదీస్తుంటే మేకు ఎగిరి కంటికి తగిలింది. నెత్తురు చూడగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. కుడుతున్న జాకెట్టు గుడ్డే మడిచి కంటి మీద పెట్టి, అరచేత్తో అదిమిపట్టి, పక్కింటాయన కారెక్కించింది.

నాలుగు వీధులు దాటారో లేదో ఆయన వాంతి చేసుకున్నాడు. ఒళ్లంతా చల్లటి చెమట.

"కళ్లు తిరుగుతున్నాయే," అంటూ ఆమె భుజమ్మీదికి వాలిపోయాడు.

నెత్తురు పోయి ఇలా అయిపోతున్నాడనుకుంది. ఇంకా గట్టిగా అదిమింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని చూస్తే, నాడి ఒకసారి కొట్టుకుని, మళ్లీ ఎప్పటికో గానీ కొట్టుకోలేదు. "త్వరగా పోనీ అన్నా, మనిషి దక్కేట్టు లేడు!" అని అరిచింది. అరుస్తూనే, తనకున్న బలమంతా ఆ అరచేతిలోనే పెట్టింది.

ఆసుపత్రి గుమ్మంలోనే నర్సు నాడి చూసి ఉలిక్కిపడింది.

"కంటి మీద చెయ్యి తియ్యమ్మా!"

"తీస్తే నెత్తురంతా పోతుంది!"

"కన్ను నొక్కితే గుండె నెమ్మదిస్తుంది. ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ముందు తియ్యి!"

చెయ్యి రాలేదు. నర్సే వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. గుడ్డకు అంటిన నెత్తురు చూస్తే చెంచాడు కూడా లేదు. నిమిషం తిరిగేలోపు ఆయన నాడి పుంజుకుంది, పెదవులకు రంగొచ్చింది.

సాయంత్రం ఆపరేషన్ అయ్యాక, కంటికి కట్టుతో ఆయన మంచం మీద మెల్లగా మాట్లాడాడు.

"దారంతా నీ చెయ్యి తెలుస్తూనే ఉంది. నువ్వు వదల్లేదు కాబట్టే బతికానే."

ఔననేస్తే పోయేది. ఆమె వల్ల కాలేదు.

"కాదండీ. వదిలాకే బతికారు."

ఆ మాట విని, మందు మత్తులో ఉన్నది తనో ఆమో ఆయనకు అర్థం కాలేదు. నవ్వి, చెయ్యి ఇవ్వమన్నట్టు అరచెయ్యి చాపాడు. ఆమె తన రెండు చేతులూ కొంగులో చుట్టుకుని నిలబడిపోయింది.