హఫీజ్‌పేట్‌లో వాన పడుతోందని చెప్పాను

నాకు అప్పుడప్పుడు ఒక కల వస్తుంది. మా సామాను తెచ్చే లారీ సముద్రం మీద నడిచి వస్తూ ఉంటుంది. బీరువా, కుట్టు మిషను, దుప్పట్లో చుట్టిన టీవీ, అన్నీ తాళ్లతో కట్టి ఉంటాయి. చక్రాల కింద నీళ్లు కదలవు. డ్రైవర్ పక్కన నా భార్య, ఒళ్లో పుస్తకాల సంచి. నేను హఫీజ్‌పేట్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నిలబడి చేయి ఊపుతుంటాను. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "కిరాయి ఎవరిచ్చారండీ?" అని అడుగుతుంది. జవాబు చెప్పేలోగా మెలకువ వస్తుంది.

జవాబు నాకు తెలుసు. ఆమే ఇచ్చింది. ఇవ్వాల్సిన అవసరం లేకపోయినా ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తెలియదు, నాకు తెలుసు.

అప్పట్లో మేం విశాఖలో ఉండేవాళ్లం. మా అద్దె ఇంట్లోంచి సముద్రం కనిపించదు గానీ వినిపించేది. నేను పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక్కొక్క కుర్చీ ఖాళీ అవుతోంది. మధ్యాహ్నం పూట ఏసీ కూడా ఆపేసేవారు. నేను హైదరాబాద్ కంపెనీలకు రెజ్యూమె పంపడం మొదలుపెట్టాను.

మా వైపు నుంచి హైదరాబాద్ ఉద్యోగాలకు అప్లై చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. సొంత ఊరి అడ్రస్ రాయరు. కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఉండే చుట్టం అడ్రస్ రాస్తారు. బయటి ఊరని తెలిస్తే రెజ్యూమె పక్కన పడేస్తారని అందరి నమ్మకం. అది నిజమో కాదో ఎవరూ తేల్చుకోలేదు. నేనూ తేల్చుకోలేదు. మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, హఫీజ్‌పేట్‌లో ఒక ఇంటి కింది పోర్షన్లో అద్దెకుండేవాడు. ఆ అడ్రస్ రాసుకున్నాను.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. కిటికీలోంచి చేపలమ్మి కేక వినపడకుండా నా భార్య తలుపులన్నీ మూసి, వంటింట్లో కుక్కర్ కూడా ఆపి కూర్చుంది. చివర్లో అవతలి మనిషి నవ్వుతూ, "మాదాపూర్‌లో ఒకటే వాన సర్, మీ దగ్గర ఎలా ఉంది?" అని అడిగాడు.

నా ముఖం మీద ఎండ పడుతోంది. చెమట చెవి వెనక నుంచి జారుతోంది.

"ఇక్కడా అంతే సర్, హఫీజ్‌పేట్‌లో కూడా వాన పడుతోంది," అన్నాను.

కాల్ అయిపోయాక నా భార్య విరగబడి నవ్వింది. "గొడుగు తెమ్మంటారా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అది మా ఇద్దరి అబద్ధం. తర్వాతది నా ఒక్కడిదే.

ఉద్యోగం వచ్చింది. కంపెనీలో ఈ వ్యవహారాలు చూసే హెచ్చార్ మేడం ఫోన్ చేసింది. జీతం, చేరే తేదీ అన్నీ చెప్పి, "బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకైతే సామాను తెచ్చుకునే ఖర్చు, పదిహేను రోజులు గెస్ట్‌హౌస్ ఇస్తామండి. మీరు లోకలే కదా, మీకు అవసరం లేదు. ఓకేనా అండీ?" అంది.

ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో సముద్రం బాగా వినిపించింది. ఆమెకు కూడా వినిపిస్తుందేమోనని భయపడ్డాను.

"ఓకే అండీ," అన్నాను.

సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ నా భార్య అడిగింది. "సామాను ఖర్చు వాళ్లు పెట్టుకుంటారా?"

"ఇవ్వరట."

"అంత కంపెనీ, లారీ కిరాయి కూడా ఇవ్వదా? ఆ అద్దాల మేడలన్నీ ఇలా మిగిల్చే కట్టారన్నమాట."

నేను నవ్వలేదు. ఆమె బట్టలు భుజాన వేసుకుని గోడకి ఆనుకుంది. "లారీకి కావాలి, అక్కడ ఇంటి అడ్వాన్సుకి కావాలి. మన డబ్బు పెట్టుకుని మరీ వెళ్లేంత ఉద్యోగమా అది? మీరే చెప్పండి."

"ఇక్కడ ఆఫీసు దీపావళి దాకా ఉంటుందో లేదో తెలీదు."

"పోనీ, ఇంకోసారి అడిగి చూడండి. అడిగితే పోయేదేముంది?"

"చేరకముందే డబ్బులడిగితే ఏం బావుంటుంది?"

ఆమెకు బీఈడీ చేయాలని పెళ్లికి ముందు నుంచీ ఉంది. ఆ ఫీజు కోసమే వీధిలో వాళ్లతో కలిసి చీటీ కడుతోంది. ఆ ఏడాది సీటు వస్తే చేరాలని పుస్తకాలు కూడా కొనుక్కుంది. రెండు మూడు నెలలాగి తీసుకుంటే చీటీ డబ్బు దాదాపు అంతా వచ్చేది.

"ఈ నెలే చీటీ పాడేస్తాను. కొంత పోతుంది, పోనీండి," అంది. "బీఈడీ వచ్చే ఏడాది చేస్తాను. కాలేజీ ఎక్కడికీ పోదుగా."

ఆ డాబా నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. వెలుతురు రాగి రంగులో ఉంది. ఆమె భుజం మీద నా తెల్ల చొక్కా చేతులు గాలికి లేచి, మెల్లగా ఆమె మెడను తాకి పడుతున్నాయి. నా చొక్కా ఆమెకు ఏదో చెప్పాలనుకుంటున్నట్టు అనిపించింది. నేను మాత్రం చెప్పలేదు.

చేరాల్సిన తేదీ ఆషాఢంలో పడింది. ఆషాఢంలో ఇల్లు మారకూడదని మా అత్తగారు గట్టిగా చెప్పారు. శ్రావణంలో నా భార్య సామానుతో వచ్చేలా, ఆలోగా నేనొక్కణ్నే అన్నయ్య దగ్గర ఉండేలా అనుకున్నాం. అలా నాకు ఒక నెల దొరికింది. నిజం చెప్పడానికి అంత అనువైన నెల ఎవరికీ దొరకదు.

హఫీజ్‌పేట్‌లో దిగి గేటు తీస్తుంటే, వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న ముసలావిడ నన్ను తేరిపార చూసింది. ఆ ఇంటి ఓనరు. ఆ చుట్టుపక్కల పొలాలు ఉన్నప్పటి మనిషి.

"నువ్వేనా ఏంది, మా ఇంట్ల రెండేండ్ల సంది ఉంటున్నోనివి?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నిన్న ఒకాయన ఫోన్ పట్కొని వచ్చిండు. గేటు ఫోటో దీస్కున్నడు. గీ పేరుతోని మనిషి ఉంటడా అని అడిగిండు. మీ అన్న ముందే చెప్పి పెట్టిండు గదా, ఉంటడు, గిప్పుడే పనికి పోయిండని చెప్పిన. నీ మొకం సూడకముందే నీ కోసం అబద్ధమాడిన బిడ్డా. గిట్ల నా అల్లుని కోసం గూడ ఆడలే."

చెప్పిన అడ్రస్‌లో మనిషి నిజంగా ఉంటున్నాడో లేదో చూసి రమ్మని కంపెనీలు మనుషుల్ని పంపుతాయి. ఆ సంగతి నేను మరిచేపోయాను.

"తప్పయిపోయింది అవ్వా," అన్నాను.

"తప్పు గిప్పు నాకెందుకు. జర ఇను. పైన పోర్షన్ ఖాళీ అయితుంది. కిరాయి అందరిచ్చేదే ఇయ్యి. నీ పెండ్లాన్ని తోల్కొచ్చి ఆడ ఉండు. ఇగ నా మాట నిజమైతది."

నా అబద్ధాన్ని ఆమె తన మాటగా తీసుకుంది. దాన్ని నిజం చేసే దారి కూడా ఆమే చూపించింది. నేను తలూపాను.

ఆ నెల రోజులూ నాకు నిద్రలో నడిచినట్టే గుర్తున్నాయి. పొద్దున్నే ఎంఎంటీఎస్ లోకల్ రైలు. ఒక్క స్టేషన్ దూరం. తలుపు దగ్గర నిలబడితే తడిసిన గడ్డి వాసన లోపలికి వచ్చేది. హైటెక్ సిటీలో దిగి నడుస్తుంటే భవనాల అద్దాల్లో మబ్బులు వెళ్తుండేవి. ఏ మబ్బు ఆకాశంలోదో, ఏది అద్దంలోదో తెలిసేది కాదు. వాటి కింద వేలమంది మెడలో ఐడీ కార్డులతో నడిచేవారు. అందులో నేనొకణ్ని. నా కార్డు వెనక అడ్రస్‌లో కూడా హఫీజ్‌పేటే.

చేరిన రోజే హెచ్చార్ మేడం కొత్తవాళ్లందరికీ ఒక ఫారం పంచింది. ఇల్లు మారిన ఖర్చుల రసీదులు ముప్పై రోజుల్లోగా ఇస్తే డబ్బులు వస్తాయి. లారీ బుక్ చేసిన రసీదైనా చాలు. వరసలో నా దాకా వచ్చి, "ఓ, మీరు లోకల్ కదండీ," అంటూనే ఒకటి నాకూ ఇచ్చేసింది. ఆ ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను. రోజూ నాతో ఆఫీసుకు వచ్చేది, రోజూ తిరిగి వచ్చేది.

ఒకరోజు క్యాంటీన్‌లో, మా టీంలో పాతవాడొకడు ఉంటే, వేరెవరి సంగతో చెప్పినట్టు అడిగాను. అడ్రస్ తప్పు రాసినవాడు ఇప్పుడు చెప్పుకుంటే ఉద్యోగం పోతుందా అని.

"ఎవరు, నువ్వేనా?" అన్నాడు టీ ఊదుకుంటూ. "అరె భాయ్, మన ఫ్లోర్‌ల సగం మంది కాయితం మీద కొండాపూర్‌ల పుట్టినోళ్లే. పోయి చెప్పు, ఏం గాదు. నిరుడు ఒకడు చెప్పిండు. నవ్విన్రు, పైసలిచ్చిన్రు. గంతే. ఎందుకు పరేషాన్ అయితవ్?"

అక్కడితో నా భయానికి ఆధారం పోయింది. అయినా వెళ్లలేదు. అప్పుడు తెలిసింది, నా భయం కంపెనీ గురించి కాదు. డబ్బులు వస్తే నా భార్య అడుగుతుంది: "ఇవ్వరన్నారుగా?" ఆ ఒక్క ప్రశ్న నా దాకా రాకుండా ఉండటానికి ఆమె ఏడాదిని ఖర్చు పెడుతున్నాను.

ఆదివారాలు ఖాజాగూడ చెరువు వైపు వెళ్లేవాణ్ని. అక్కడి బండరాళ్లు ఒకదాని మీద ఒకటి, పడిపోబోతూ ఆగినట్టు ఉంటాయి. ఎదురుగా కొత్త భవనాలు నీళ్లలో తలకిందులుగా వణుకుతుంటాయి. ఆ బండల మీద కూర్చుని పైకే చెప్పి చూసుకునేవాణ్ని. "ఇస్తామన్నారు. నేనే అడగలేదు." మాటలు బాగానే వచ్చేవి. ఒకసారి నా వెనక మేకలు కాస్తున్నాయన, "ఎవరితోని మాట్లాడుతున్నవన్నా?" అన్నాడు. ఫోన్లో అని చూపించాను. అది కూడా అబద్ధమే.

శ్రావణం వచ్చింది. ఒక శుక్రవారం నాటికి ముప్పై రోజులు అయిపోయాయి. ఆ తర్వాతి ఆదివారం ఉదయం, సన్నటి తుంపరలో, లారీ మా సందులోకి మలుపు తిరగలేక ముందుకూ వెనక్కూ ఊగుతూ వచ్చింది. ముందు రోజే రైల్లో వచ్చిన నా భార్య కొంగు నెత్తిన కప్పుకుని, "కుట్టు మిషను నిలబెట్టే ఉంచండి బాబూ," అని కేకలు పెడుతోంది. అవ్వ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని ఒక్కో సామానునూ చూస్తూ, "బీరువ మంచిగుంది," అని తీర్పులు చెబుతోంది.

మధ్యాహ్నం వంటింటి అరలు సర్దుతూ, కింద పరవడానికి పాత కాగితాల కోసం నా భార్య నా సంచి తెరిచింది. ఫారం బయటకు తీసింది. చదివింది. ఇంకోసారి చదివింది.

"ఇది మనకేనా?"

"మనకే."

"గడువు ఎప్పుడు?"

"మొన్న శుక్రవారం."

ఖాజాగూడలో అన్నిసార్లు చెప్పుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. నేల మీద కూర్చున్నాను. వాన సంగతి, ఫోన్ సంగతి, క్యాంటీన్ సంగతి, అన్నీ వెనకా ముందూ అయి వచ్చాయి. ఆమె వింటూనే ఆ ఫారాన్ని అర కొలతకు మడిచి పరిచింది. దాని మీద కందిపప్పు డబ్బా పెట్టింది.

"లారీ డబ్బులు పోతే పోయాయి," అంది. "ఇంకోసారి అడగండి అన్నాను కదా, డాబా మీద. అప్పుడైనా నా ముఖం చూసి చెప్పాల్సింది."

కాసేపటికి, "రేపు వెళ్లి ఆవిడకు నిజం చెప్పండి. డబ్బు కోసం కాదు," అంది.

మర్నాడు హెచ్చార్ మేడం ముందు కూర్చుని అంతా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది. గడువు దాటింది కాబట్టి ఏమీ చేయలేనని, ముందే చెప్పి ఉంటే ఎంతో తేలిక అయ్యేదని అంది. కంప్యూటర్‌లో నా వివరాలు తెరిచి, "సరే, అడ్రస్ మార్చేద్దాం. ఇప్పుడెక్కడ ఉంటున్నారండీ?" అంది.

"అక్కడే అండీ. పై పోర్షన్."

ఆమె తెర వైపు, నా వైపు చూసి నవ్వేసింది. "అయితే రికార్డు కరెక్టే కదండీ. మార్చాల్సిందేమీ లేదు."

నా తప్పు రాసుకునే గడి ఆ కంప్యూటర్‌లో లేదు. బయటకు వచ్చి అద్దాల్లో మబ్బుల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

వచ్చే ఏడాది అనుకున్న బీఈడీ ఆ మరుసటి ఏడాదీ కాలేదు. అదీ నా వల్లే. విశాఖ కాలేజీ నుంచి ఆమె సర్టిఫికెట్ ఒకటి తెస్తానని, ఆఫీసు పనిలో పడి వెళ్లలేదు. మూడో ఏడాది ఆమే రైలెక్కి వెళ్లి తెచ్చుకుంది, చేరింది. ఇప్పుడు రెండో సంవత్సరం. సాయంత్రాలు గది నిండా చార్టులు పరుచుకుని స్కెచ్ పెన్నులతో గుండె బొమ్మ, ఆకు బొమ్మ గీస్తుంది. అంచులు లేవకుండా నేను పట్టుకుంటాను. ఆమెతో పాటు చదివేవాళ్లలో చాలామంది ఆమెకన్నా చిన్నవాళ్లు. వాళ్లు ఆమెను ఆంటీ అంటారు. అది ఆమె నాకు నవ్వుతూనే చెప్పింది. నేను చార్టు అంచు చూస్తూ ఉండిపోయాను.

డాబా మీద నేను చెప్పిన అబద్ధాన్ని మాత్రం ఆమె మరిచిపోలేదు. భోజనాల దగ్గర ఇంకో అప్పడం అడిగితే, "ఇవ్వరట," అంటుంది.

మొన్న ఆదివారం ఆమె తమ్ముడు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. ఇక్కడ ఏదో కంపెనీలో ఇంటర్వ్యూ ఉందట. "బావా, రెజ్యూమెలో మీ అడ్రస్ పెట్టుకుంటాను. ఎవరైనా వస్తే మీ ఓనరమ్మకు చెప్పి ఉంచు," అన్నాడు.

నేను నా భార్య వైపు చూశాను. ఆమె ఆకు బొమ్మలో ఈనెలు గీస్తోంది. తల ఎత్తకుండానే ఫోన్‌కు వినపడేలా, "ఒరేయ్, అడ్రస్ ఇవ్వరట," అంది.

"ఏం, ఎందుకక్కా?"

"మీ బావ చెప్తారు," అని పెన్ను మూత పెట్టి, నేనేం చెబుతానో వినడానికి గోడకి ఆనుకుని కూర్చుంది. విశాఖ డాబా మీద ఆనుకున్నట్టే.

కిటికీ బయట పొడి ఎండ. స్టేషన్‌లో రైలు ఆగి మళ్లీ కదిలిన చప్పుడు. నేను, ఒక ఎండాకాలపు మధ్యాహ్నం విశాఖలో కూర్చుని, హఫీజ్‌పేట్‌లో వాన పడుతోందని చెప్పిన దగ్గర మొదలుపెట్టాను.