చిలుక నాటకంలో తీసేసిన మాట

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. రెడ్డిగూడెం మామిడితోటల్లో ఒంటరిగా తిరిగినదాన్ని, నాకేం భయం? ఇప్పటికీ ఉన్నాయని అనను. మా తిరువూరులో, హైస్కూల్లో, పట్టపగలు జరిగింది మాత్రం చెబుతాను.

మా అక్క కూతురు జ్యోతి తొమ్మిదో తరగతి. స్కూల్లో ఒక పిల్లల కథను నాటకం కట్టారు. మంత్రగాడు ఒక పిల్లను చిలుకగా మార్చేస్తాడు. చివరికి ఆ చిలుక ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. ఆ వేషం జ్యోతిదే. రోజూ పొయ్యి దగ్గర అక్కే మాట అందించేది. అక్కకూ నాకూ చదువు రాకపోయినా విని విని ఇద్దరం నాటకమంతా నేర్చేసుకున్నాం.

నాటకానికి నెల ముందు అక్క జ్వరంతో పోయింది. చర్చివాళ్ళు ఆదరణ కూడిక పెట్టిన రోజు కూడా జ్యోతి ఏడవలేదు. నాటకంలో మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడటం మానేసింది.

వేషం ఇంకెవరికైనా ఇమ్మని తెలుగు మేడంని అడిగాను.

"ఆ నాలుగు మాటలన్నా మాట్లాడుతోంది కదండీ, అవి కూడా లాక్కుంటే ఎలా?" అన్నారావిడ. చివర్లో 'అమ్మా, తలుపు తియ్యి, నేనే' అని ఉంటే, పిల్ల తట్టుకోలేదని ఆ మాట తీసేశారు. చిలుక వాకిట్లో వాలగానే తెర వేసేయాలి.

మాట అందించే పని నాకు పెట్టారు. పుస్తకం చదవలేనన్నాను.

"మీకు పుస్తకమెందుకండీ, రేడియోలాగా మొత్తం అప్పజెబుతారుగా!" అని నవ్వారు.

ఆ రోజు నేను స్టేజీకి ఎడమ పక్కన నిలబడ్డాను. కుడి పక్కన గోడే, మనిషి పట్టే సందు లేదు. జ్యోతి అన్నీ చక్కగా చెప్పింది. ఆఖర్న వాకిట్లో వాలింది. తెర కదలబోతోంది.

అప్పుడది గోడవైపు తల తిప్పి, చెవి ఒగ్గి వింది. "ఊఁ" అంది. వెంటనే, "అమ్మా, తలుపు తియ్యి, నేనే!" అని అరిచి కూలబడి ఏడ్చింది. నటన అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

మేడం ముందు వరస నుంచి పరుగున వచ్చారు. "తీసేసిన మాట ఎందుకందించారండీ? నాక్కూడా వినపడింది" అన్నారు.

నేను అసలు నోరే తెరవలేదు.

"అమ్మ గొంతుతో ఎలా చెప్పావ్ పిన్నీ?" అంది జ్యోతి నన్ను కరుచుకుని. నెల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేను కాదనకుండా దాని కళ్ళు తుడిచాను.

మొన్న అన్నం తింటూ, "ఇంకొక్కసారి అలా చెప్పవా?" అని అడిగింది. చెప్పాను. చివరిదాకా విని, "ఇది నీ గొంతే" అని కంచం తీసుకుని లేచిపోయింది.

ఆ రోజుది ఎవరి గొంతో నాకు తెలియదు. తెలియదని దానికెలా చెప్పను?