తొమ్మిదితో పోయే సంఖ్య

ఆ సంఖ్య ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను: 31049852670. అరకు ఇంకా రెండు స్టేషన్ల దూరం ఉందనగా మా ప్యాసింజరు ఆగింది. పక్క పట్టాల మీద ఇనుప ఖనిజం గూడ్సు, దాని వ్యాగను మీద ఆ అంకెలు. నా ఎదురు సీట్లో పదో తరగతి పాసైన కొండపిల్ల, చేతిలో కాలేజీ దరఖాస్తు. అందులో ఎంపీసీ అని రాసుంది. నేను లెక్కల లెక్చరర్ని. ఊరుకోబుద్ధి కాలేదు.

"ఆ వ్యాగను నంబరు తొమ్మిదితో శేషం లేకుండా పోతుందా?" అనడిగాను.

నేను టికెట్టు వెనక అంకెలు కూడుతుండగానే ఆ పిల్ల వేళ్లు ముడిచింది.

"మూడూ ఆరూ ఓ కట్ట. ఒకటీ ఎనిమిదీ ఓ కట్ట. నాలుగూ అయిదూ, రెండూ ఏడూ. తొమ్మిది ఎలాగూ కట్టే. ఏటీ మిగల్లేదు సార్. ఇంటికాడ అడ్డాకులు ఇలాగే తొమ్మిదేసి కడతాం."

నా కూడిక నలభై అయిదు దగ్గర ఆగింది. టికెట్టు జేబులో పెట్టేసుకున్నాను.

"ఒకటి మిగులుతుంది. నీకు ఎంపీసీ ఎందుకు? ఆ అడ్డాకులే కట్టుకో."

పెట్టెంతా నవ్వింది. ఆమె మళ్లీ లెక్క చూసుకుందామని తిరిగేసరికి గూడ్సు వెళ్లిపోయింది.

"సార్, పెన్ను ఓపాలి ఇత్తారా?"

ఇచ్చాను. ఎంపీసీని కొట్టేసి, పెన్ను రెండు చేతులతో తిరిగిచ్చింది.